మానేస్తానంటే జరిమానా!

ఫొటోషాప్ అవసరమైన ఓ కుర్రాడు అడోబీ సంస్థ వెబ్‌సైటు తెరిచాడనుకుందాం. నెలకు 2,000 రూపాయలని తెరమీద పెద్ద అక్షరాల్లో కనిపించింది. కార్డు నంబరు కొట్టాడు, ఓటీపీ వచ్చింది, కాసేపట్లో పని మొదలుపెట్టేశాడు. నాలుగు నెలలు గడిచాయి. పెళ్లిళ్ల సీజన్ అయిపోయి పని తగ్గింది. ఇక చాలనుకుని రద్దు చేయబోతే అప్పుడు తెలిసింది, తను తీసుకున్నది ఏడాది ఒప్పందమని. కట్టడం మాత్రమే నెలనెలా. ఇంకా ఎనిమిది నెలలు మిగిలాయి. వాటి తాలూకు 16,000 రూపాయల్లో సగం, అంటే 8,000 చెల్లిస్తేనే అందులోంచి బయటపడతాడు.

కుర్రాడూ, ఆ 2,000 రూపాయలూ ఉదాహరణకు అనుకున్నవే. లెక్క మాత్రం అసలైనదే. ఏడాదికి ఒప్పుకొని నెలవారీగా కట్టే ఈ ప్లాన్‌లో చేరిన 14 రోజుల్లోగా మానేస్తే డబ్బంతా వెనక్కి వస్తుంది. గడువు దాటితే మిగిలిన కాలానికి కట్టాల్సిన దాంట్లో సగాన్ని ‘ముందస్తు రద్దు రుసుము’గా వసూలు చేస్తారు. ఈ రుసుము మీద ప్రపంచవ్యాప్తంగా డిజైనర్లు, ఫొటోగ్రాఫర్లు, విద్యార్థులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. చివరికి 2024 జూన్ 17న అమెరికా ప్రభుత్వమే అడోబీని కోర్టుకీడ్చింది.

అక్కడ వినియోగదారుల హక్కులను చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) కేసును న్యాయశాఖకు పంపగా, న్యాయశాఖ కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. కంపెనీతోపాటు ఇద్దరు ఉన్నతాధికారులను కూడా ప్రతివాదులుగా చేర్చారు. ఆన్‌లైన్‌లో చందా కట్టించుకునేవాళ్లు షరతులన్నీ ముందే స్పష్టంగా చెప్పాలనీ, మానేసే దారి సులువుగా ఉంచాలనీ అమెరికాలో 2010 నుంచి ఒక చట్టం ఉంది. అడోబీ ఆ చట్టాన్ని ఉల్లంఘించిందన్నది ప్రభుత్వ వాదన.

దావాలోని ఆరోపణలు చదివితే ఫిర్యాదుల స్వరూపం కళ్లకు కడుతుంది. ప్లాన్ ఎంచుకునే పేజీలో ఈ ఏడాది ఒప్పందం ముందే టిక్కు పెట్టి ఉంటుంది. నెలకెంతో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రద్దు రుసుము సంగతి మాత్రం సన్న అక్షరాల్లోనో, కర్సర్ పెడితే తప్ప తెరుచుకోని చిన్న పెట్టెలోనో, మరో పేజీకి తీసుకెళ్లే లింకు వెనకాలో ఉంటుంది. మానేద్దామని వెళ్తే పాస్‌వర్డు మళ్లీ కొట్టమంటారు. ఎందుకు మానేస్తున్నారని అడుగుతారు. వద్దు, ఉండిపొమ్మని డిస్కౌంట్లు చూపిస్తారు. ఒక్కో పేజీ దాటితే ఇంకోటి వస్తుంది. ఫోన్ చేస్తే మధ్యలో లైన్ కట్టవుతుంది. చాట్‌లోకి వెళ్తే ఒకరి తర్వాత ఒకరు వచ్చి మొదటి నుంచీ చెప్పమంటారు. రద్దయిపోయిందని నిశ్చింతగా ఉన్నవాళ్లకు మరుసటి నెల మళ్లీ డబ్బు కట్టయిన సందర్భాలూ అందులో ఉన్నాయి. వినియోగదారుల ఫిర్యాదులు స్వీకరించే ‘బెటర్ బిజినెస్ బ్యూరో’కు వెళ్లిన అర్జీల వల్ల కూడా కంపెనీకి ఇదంతా తెలుసనీ, అయినా మార్చుకోలేదనీ ప్రభుత్వం ఆరోపించింది.

దావాలో మొదట నల్లగీతల కింద దాచిన కొన్ని వాక్యాలు తర్వాత బయటికొచ్చాయి. కంపెనీ అధికారి ఒకరు ఈ రుసుమును ఏకంగా హెరాయిన్‌తో పోల్చారనీ, దాన్ని ఎత్తేసినా, దాని గురించి మరింత బాహాటంగా చెప్పినా వ్యాపారానికి పెద్ద దెబ్బ తగులుతుందని అన్నారనీ వాటిలో ఉంది. అడోబీ ఈ ఆరోపణలను తోసిపుచ్చింది. తమ షరతులు పారదర్శకంగానే ఉన్నాయనీ, రద్దు ప్రక్రియ సులువైనదేననీ, ఎఫ్‌టీసీ వాదనను కోర్టులోనే తిప్పికొడతామనీ ప్రకటించింది.

అసలు ఈ గొడవ మొదలైంది 2013లో. అంతకు ముందు ఫొటోషాప్ డబ్బాలో వచ్చేది. 2012లో వచ్చిన సీఎస్6 తరం ఫొటోషాప్ అమెరికాలో 699 డాలర్లు. ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్, ప్రీమియర్ వంటివన్నీ కలిపిన మాస్టర్ కలెక్షన్ అయితే 2,599 డాలర్లు. ఖరీదెక్కువన్న మాట నిజమే. కానీ ఒకసారి కొంటే కంప్యూటర్ పనిచేసినంత కాలం వాడుకోవచ్చు. కొత్త వెర్షన్ వస్తే కొనాలా వద్దా అన్నది కొన్నవాడి ఇష్టం. పాతదానితోనే పదేళ్లు నెట్టుకొచ్చినవాళ్లు ఎందరో.

2013 మేలో అడోబీ ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. ఇకపై కొత్త వెర్షన్లన్నీ, అప్పటికే నడుస్తున్న ‘క్రియేటివ్ క్లౌడ్’ చందా కడితేనే అని తేల్చేసింది. అంతకాలం సొంత ఇంట్లో ఉన్నవాళ్లను అద్దె ఇంటికి మార్చినట్టయింది. పాత పద్ధతి కొనసాగించాలంటూ వేలమంది ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకాలు చేశారు. కంపెనీ వెనక్కి తగ్గలేదు.

అడోబీ వాదనలోనూ కొంత న్యాయం లేకపోలేదు. ఒకేసారి వందల డాలర్లు పెట్టలేని విద్యార్థికి నెలవారీ చెల్లింపు వెసులుబాటే. కొత్త సదుపాయాలు ఏడాదిన్నర ఆగకుండా ఎప్పటికప్పుడు అందుతాయి. ఫొటోగ్రాఫర్ల కోసం ఫొటోషాప్, లైట్‌రూమ్ కలిపి నెలకు 10 డాలర్లకే ఇచ్చిన ప్లాన్‌ను చాలామంది మెచ్చుకున్నారు కూడా. అయితే అద్దె పెంచే అధికారం ఎవరి చేతిలో ఉందో కాలం గడిచేకొద్దీ తెలిసొచ్చింది. 20 జీబీ నిల్వతో వచ్చే ఆ చవక ప్లాన్‌ను 2025 జనవరి 15 నుంచి కొత్తవాళ్లకు ఆపేశారు. పాతవాళ్లలో నెలనెలా కట్టేవాళ్లకు దాని ధర 15 డాలర్లకు చేరింది. అదే ఏడాది జూన్‌లో అన్ని సాఫ్ట్‌వేర్లూ కలిసి వచ్చే ప్లాన్‌కు కృత్రిమ మేధ సదుపాయాలు జోడించి, పేరు మార్చి, ఉత్తర అమెరికాలో నెలకు 60 డాలర్ల నుంచి 70 డాలర్లు చేశారు. ఆ కొత్త సదుపాయాలు తమకు అక్కర్లేదన్నవాళ్లు ఎందరున్నా, అవి తక్కువగా ఉండే చవక ప్లాన్‌ను పాత చందాదారులకే పరిమితం చేశారు.

కంపెనీ ఖజానాకు మాత్రం చందా పద్ధతి బాగా కలిసొచ్చింది. ఎఫ్‌టీసీ చూపిన లెక్కల ప్రకారం 2019లో 771 కోట్ల డాలర్లున్న చందాల ఆదాయం 2023 నాటికి 1,422 కోట్ల డాలర్లయింది.

ధరల మీద అసంతృప్తి చందాల కాలం కంటే పాతదే. ఆస్ట్రేలియాలో సీఎస్6 మాస్టర్ కలెక్షన్ ధర అమెరికా ధరకంటే ఎంత ఎక్కువగా ఉండేదంటే, విమానంలో అమెరికా వెళ్లి, అక్కడ కొని, తిరిగి వచ్చినా చవకే పడుతుందని అక్కడి పత్రికలు లెక్కగట్టి చూపించాయి. డౌన్‌లోడ్ చేసుకునే సరుకుకు ఓడ కిరాయి ఉండదు, గోదాము ఖర్చు ఉండదు. మరి ఈ తేడా ఎందుకని ఆస్ట్రేలియా పార్లమెంటరీ సంఘం 2013 మార్చిలో అడోబీ, ఆపిల్, మైక్రోసాఫ్ట్ ప్రతినిధులను పిలిపించి నిలదీసింది. అంతకు ముందు నెలలోనే అడోబీ ఆ దేశంలో క్రియేటివ్ క్లౌడ్ ధర తగ్గించింది. వినియోగదారులు గొంతెత్తితే, చట్టసభ చెవిన పెడితే ధర దిగివస్తుందనడానికి అదొక రుజువు.

డబ్బుది ఒక బాధ. చేసిన పని మీద పట్టు పోవడం ఇంకో బాధ, ఇది మరీ పెద్దది.

2022 చివర్లో ఫొటోషాప్‌లో తమ పాత ఫైళ్లు తెరిచిన డిజైనర్లకు గుండె ఝల్లుమంది. ఎప్పుడో చేసిన లోగోల్లో, ప్యాకింగ్ డిజైన్లలో రంగులుండాల్సిన చోట నల్లని మచ్చలున్నాయి. ముద్రణలో రంగు ఎక్కడ వేసినా ఒకేలా రావడానికి పాంటోన్ అనే సంస్థ సంఖ్యలిచ్చిన రంగులు వాడటం పరిశ్రమలో ఆనవాయితీ. ఆ సంస్థకూ అడోబీకీ మధ్య లైసెన్సు ఏర్పాటు మారింది. దాంతో పాంటోన్ రంగులు కావాలంటే నెలకు 15 డాలర్లు ఆ సంస్థకు విడిగా కట్టాల్సి వచ్చింది. కట్టకపోతే పాత ఫైలులోని రంగు నలుపైపోతుంది. రెండు కంపెనీల బేరం మధ్యలో, దానితో సంబంధం లేని మూడోవాడి పని పాడైంది.

అంతకు రెండేళ్ల ముందు, 2020 ఆగస్టులో, ఐఫోన్, ఐప్యాడ్‌లలో లైట్‌రూమ్ యాప్ అప్‌డేట్ చేసుకున్నవాళ్లలో కొందరికి క్లౌడ్‌లోకి చేరని ఫొటోలు, దిద్దుబాట్లు మాయమయ్యాయి. సంస్థ క్షమాపణ చెప్పి లోపాన్ని సరిచేసింది కానీ, పోయినవాటిని వెనక్కి తేలేకపోయింది. 2019 అక్టోబరులో ఇంకో వింత జరిగింది. వెనిజువెలాపై అమెరికా ఆంక్షలు విధించడంతో ఆ దేశంలోని ఖాతాలన్నీ మూసేస్తున్నట్టు అడోబీ ప్రకటించింది. కట్టిన డబ్బు కూడా తిరిగి ఇవ్వలేమని మొదట చెప్పింది. తర్వాత ఇస్తామంది. చివరికి అమెరికా ప్రభుత్వ అనుమతి దొరకడంతో సేవలు కొనసాగాయి. డబ్బాలో కొన్న సాఫ్ట్‌వేర్‌నైతే ఏ ప్రభుత్వ ఉత్తర్వూ ఇలా రాత్రికి రాత్రి నిలిపేయగలిగేది కాదు.

2024 జూన్‌లో వచ్చిన అలజడి వీటన్నిటినీ మించింది. ఫొటోషాప్ తెరవగానే కొత్త షరతులకు ఒప్పుకోమంటూ పెట్టె తెరుచుకుంది. ఒప్పుకుంటే తప్ప ముందుకు కదలదు. వినియోగదారుల కంటెంట్‌ను యంత్రాల ద్వారా, మనుషుల ద్వారా కూడా చూసే అవకాశం ఉందన్న వాక్యం అందులో ఉంది. విడుదల కాని సినిమా పోస్టర్లు, ఇంకా మార్కెట్లోకి రాని సరుకుల డిజైన్లు, ఎవరికీ చూపించబోమని క్లయింటుకు సంతకం చేసిచ్చిన పనులు చేతిలో ఉన్నవాళ్లు హడలిపోయారు. తమ బొమ్మలతో కృత్రిమ మేధకు శిక్షణ ఇస్తారేమోనని చిత్రకారులు మండిపడ్డారు. అటువంటి ఉద్దేశం లేదని సంస్థ వివరణల మీద వివరణలిచ్చింది. జూన్ 18న షరతులను తిరగరాసి, వినియోగదారుల కంటెంట్‌తో తమ జనరేటివ్ ఏఐకి శిక్షణ ఇవ్వబోమని అందులోనే రాసింది. అమెరికా ప్రభుత్వం దావా వేసింది దానికి ముందురోజే.

తెలుగువాళ్లకు ఈ సంస్థతో అనుబంధం చిన్నది కాదు. 2007 డిసెంబరులో అడోబీ సీఈవో అయిన శంతను నారాయణ్ పుట్టింది హైదరాబాద్‌లో. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. చందా పద్ధతికి మారాలన్న నిర్ణయం ఆయన హయాంలోనిదే. 2019లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

అంతకంటే లోతైన బంధం మన డీటీపీ సెంటర్లతో ఉంది. ఆల్డస్ కంపెనీ తయారుచేసిన పేజ్‌మేకర్‌ను, ఆ కంపెనీతో సహా 1994లో అడోబీ కొనేసింది. అను ఫాంట్లూ పేజ్‌మేకరూ కలిసి తెలుగు ముద్రణను ఒక తరం పాటు మోశాయి. శుభలేఖలు, కరపత్రాలు, గైడ్లు, కవితా సంపుటాలు, చిన్న పత్రికలు అన్నీ వాటి మీదే తయారయ్యాయి. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కు కొత్త వెర్షన్ లేదు. అందరూ ఇన్‌డిజైన్‌కు మారాలన్నది అడోబీ ఆలోచన. యూనికోడ్ కాని ఫాంట్లలో కొట్టిన లక్షల పేజీల తెలుగు మాత్రం ఆ పాత ఫైళ్లలోనే ఉండిపోయింది. వాటిని తెరవడానికే పాత కంప్యూటరును జాగ్రత్తగా కాపాడుకునే ఆపరేటర్లు ఇప్పటికీ ఉన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ దారి మార్చుకుంటే ఒక భాష రాతలు ఎలా ఇరుక్కుపోతాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

ఇక పెళ్లి ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లు, ఫ్లెక్సీలు వేసేవాళ్లు, ఫొటో స్టూడియోల వాళ్లు మండల కేంద్రాల్లో సైతం ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి ఫొటోషాప్ తప్ప మరో దారి తెలియదు. నేర్చుకున్నది దాని మీదే. క్లయింటు పంపేది ఫొటోషాప్ సొంత రూపమైన పీఎస్‌డీ ఫైలే. ప్రెస్సువాళ్లు అడిగేదీ అందులోంచి వచ్చిందే. ఏడాది పొడవునా ఒకేలా ఆదాయం ఉండని ఈ పనిలో నెలనెలా చందా బరువే. ఎన్నికలకూ పండగలకూ ఫ్లెక్సీల పని పొంగుతుంది, మూఢాల్లో పెళ్లి ఆల్బమ్‌లు ఉండవు. అందుకే క్రాక్ వెర్షన్ల వైపు చూస్తారు. అది చట్టవిరుద్ధం, పైగా వైరస్‌ల భయం. దొంగ కాపీ వాడకుండా నిజాయతీగా చందా కట్టినవాడే రద్దు రుసుము దగ్గర చిక్కుకోవడం ఇందులోని అసలు అన్యాయం.

ఇలా చిక్కుకున్నవాళ్లకు మన దేశంలో చట్టం అండ ఉంది. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సాధికార సంస్థ (సీసీపీఏ) 2023 నవంబరు 30న మోసపు డిజైన్లను అరికట్టే మార్గదర్శకాలను నోటిఫై చేసింది. అందులో 13 రకాల ఎత్తుగడలను పేరుపేరునా నిషేధించారు. చందాలో చేర్చుకుని బయటికి పోనివ్వకపోవడం వాటిలో ఒకటి. రద్దు చేసే మీటను దాచినా, రద్దు ప్రక్రియను చాంతాడంత చేసినా, సూచనలు అయోమయంగా రాసినా తప్పే. సాఫ్ట్‌వేర్ సేవలకు తెలియకుండా పదేపదే డబ్బు లాగడాన్ని విడిగా మరో ఎత్తుగడగా చేర్చారు. భారత్‌లో సేవలందించే ఏ వేదికకైనా ఈ నిబంధనలు వర్తిస్తాయి, కంపెనీ కేంద్ర కార్యాలయం కాలిఫోర్నియాలో ఉన్నా సరే.

2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టంలో ఇంకో పదునైన నిబంధన ఉంది. ఒప్పందం మీరినందుకు, వాస్తవంగా జరిగిన నష్టంతో పొంతన లేనంత జరిమానా వేస్తే దాన్ని అన్యాయమైన ఒప్పందంగా పరిగణించవచ్చు. అలాంటి కేసులు రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌లో గానీ జాతీయ కమిషన్‌లో గానీ వేయాలి. వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు కదా అని చాలామంది సందేహిస్తారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవాళ్లను చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. సొంతంగా ఆల్బమ్‌లు చేసుకునే డిజైనరుకూ, ఇంటి ముందు గదిలో డీటీపీ పెట్టుకున్న గృహిణికీ ఈ రక్షణ ఉన్నట్టే.

డబ్బు కట్టయ్యే దారిలోనూ రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి ఒక కాపలా పెట్టింది. కార్డు నుంచి పదేపదే కట్టయ్యే చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు సందేశం పంపాలి. వద్దనుకుంటే ఆ చెల్లింపును గానీ, మొత్తం అనుమతినే గానీ అక్కడే ఆపేయవచ్చు. అయితే బ్యాంకులో ఆపినంత మాత్రాన కంపెనీతో ఒప్పందం రద్దయిపోదు. బాకీ ఉన్నారంటూ నోటీసులు రావచ్చు. కనుక రెండుచోట్లా రద్దు చేసుకోవాలి.

చేరేటప్పుడే తీసుకోవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ధర కనిపించే పేజీలో నెలవారీ, ఏడాదికి ఒప్పుకొని నెలవారీ, ఏడాది మొత్తం ముందే అనే మూడు రకాలుంటాయి. ముందే టిక్కు పెట్టి ఉన్నదాన్ని అలాగే వదిలేయకుండా మూడింటినీ పోల్చి చూడాలి. రెండు మూడు నెలల పనికైతే కాస్త ఎక్కువైనా అచ్చమైన నెలవారీ ప్లానే నయం. చేరిన రోజున ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. 14వ రోజును ఫోన్‌లో గుర్తుపెట్టుకోవాలి. రద్దు చేసినప్పుడు వచ్చే మెయిల్‌ను పోనివ్వకూడదు. ముఖ్యమైన పనులను పీఎస్‌డీతోపాటు పీడీఎఫ్, టిఫ్ రూపాల్లోనూ భద్రపరిస్తే రేపు చందా ఆగినా తెరవడానికి వీలుంటుంది.

మారాలనుకునేవాళ్లకు మార్గాలూ పెరిగాయి. గింప్, ఇంక్‌స్కేప్, క్రీటా, స్క్రైబస్ ఉచితం. వాటిని ఎవరూ నెల గడువు పెట్టి ఆపేయలేరు. డబ్బు పెట్టి కొనుక్కునే అఫినిటీని 2024లో కాన్వా సంస్థ కొని, 2025 అక్టోబరులో ఉచితం చేసింది. ఇరవై ఏళ్ల అలవాటు ఒక్క వారంలో మారదు. కానీ కొత్తగా నేర్చుకునే పిల్లలకు శిక్షణ కేంద్రాలు వీటిని కూడా నేర్పితే, రేపు వాళ్లు ఏ ఒక్క కంపెనీ గుప్పిట్లోనూ చిక్కుకోరు.

ఈ జబ్బు అడోబీ ఒక్కదానిదే కాదు. 2025 అక్టోబరులో ఆస్ట్రేలియా నియంత్రణ సంస్థ ఏసీసీసీ మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది. మైక్రోసాఫ్ట్ 365 చందాలో కోపైలట్ అనే కృత్రిమ మేధ సదుపాయాన్ని కలిపేసి, వ్యక్తిగత ప్లాన్ ధరను 109 ఆస్ట్రేలియన్ డాలర్ల నుంచి 159కి పెంచారు. అది లేని పాత ధర ప్లాన్ కూడా ఉందన్న సంగతి, చందా రద్దు చేయబోయినవాళ్లకు తప్ప కనిపించలేదన్నది అభియోగం. దీనివల్ల దెబ్బతిన్నవాళ్లు సుమారు 27 లక్షల మంది అని ఏసీసీసీ అంచనా. కొద్దిరోజులకే మైక్రోసాఫ్ట్ క్షమాపణ చెప్పి, పాత ప్లాన్‌కు మారేవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామంది. విడివిడిగా గొణుక్కుంటే ఏళ్లు పట్టేది, నియంత్రణ సంస్థ కదిలితే వారాల్లో జరిగింది.

మన దగ్గరా అలాంటి కదలిక రావాలంటే ఫిర్యాదులు నమోదు కావాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు. చేరిన తేదీ, ప్లాన్ పేరు, కట్టయిన మొత్తం, రద్దుకు ప్రయత్నించిన స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని చెప్తే చాలు. పోయింది కొద్ది వేలే కదా అని ఊరుకున్నవాళ్ల లెక్క ఎక్కడా చేరదు. ఒకే తరహా నష్టం ఎందరికో జరుగుతోందని తేలితే వాళ్లందరి తరఫునా విచారణ జరిపి, కంపెనీని ఆ పద్ధతి మానుకోమని ఆదేశించే అధికారం సీసీపీఏకు ఉంది.